షెఫీల్డ్ ఫొటోలు పంపిన అందరికీ మా అమ్మ తరఫున, నా తరఫున కృతజ్ఞతలు

సంక్రాంతికి ముందు మిమ్మల్నందరినీ ఒక సాయం అడిగాను. 1971 నుంచి 1979 దాకా మా అమ్మానాన్నలున్న ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊరి పాత ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని. ఇంతమంది పలుకుతారని అనుకోలేదు. ఎవరికి వారికి విడిగా జవాబు రాశాను గానీ, ఇది నలుగురిలో చెప్పాల్సిన మాట.

ఎందుకడిగానో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడ నార్తర్న్ జనరల్ హాస్పిటల్లో పనికి కుదిరారు. తీసిన ప్రతి ఫొటో అవనిగడ్డలో తాతయ్యకి పోస్టులో పంపేసేవారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాతయ్యా, నాయనమ్మా ఎవరిదో డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఫొటోలున్న ట్రంకుపెట్టె కొట్టుకుపోయింది. దివిసీమలో వేలమంది పోయిన రాత్రి అది. అంతటి చావుల ముందు కాగితాల కోసం ఏడవటమేమిటని అమ్మ ఎన్నడూ ఆ ఊసే ఎత్తలేదు. నాన్న పోయాక, తనకి ఎనభై దాటాక, ఇప్పుడు మనవరాలికి చూపించాలని అడిగింది.

ముందు ఆ రిటైరైన బస్సు డ్రైవరు గారికి దణ్ణం. మీరు పంపిన క్యాజిల్ స్క్వేర్ ఫొటో అమ్మ చేతిలోంచి దిగలేదు. ఊరంతా ‘హోల్ ఇన్ ద రోడ్’ అని పిలిచిన చోటు అది. 1967లో కట్టారు. నడిరోడ్డు మధ్యన పైకప్పులేని పెద్ద గుండ్రటి గొయ్యి, కిందికి దిగడానికి ఎస్కలేటర్లు, చుట్టూ దుకాణాలు, గోడలో అమర్చిన చేపల తొట్టె. ఎవరు ఎవర్ని కలుసుకోవాలన్నా ఆ చేపల దగ్గరే. “మీ నాన్న డ్యూటీ దిగి వచ్చేదాకా అన్నయ్యని ఇక్కడే ఆడించేదాన్ని” అంటూ అమ్మ ఆ తొట్టె మీద వేలు పెట్టి చూపించింది. 1994లో ట్రామ్ లైను కోసం ఆ గొయ్యి పూడ్చేశారు కాబట్టి, ఇప్పుడు ఆ ఊరు వెళ్ళినా చూడలేం. ఆ ఊరి బస్సుల్లో పిల్లల టికెట్టు రెండు పెన్నీలేనని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ చవక ఛార్జీలు 1986 దాకా ఎలా నిలిచాయో మీరు రెండు పేజీల ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరం కూడా ఫొటోలతో పాటే దాచాను.

యూనివర్సిటీలో చదువుకుంటున్న మన ఒంగోలు అబ్బాయి చేసింది మామూలు సాయం కాదు. సెలవు రోజులు మానుకుని సెంట్రల్ లైబ్రరీలో పాత ఫొటోలు వెతికాడు. నేను పుట్టిన జెస్సప్ ఆసుపత్రి ఇప్పుడు ఆసుపత్రి కాదట. మిగిలిన పాత భవనంలో యూనివర్సిటీ వాళ్ళు సంగీతం చెప్తున్నారట. గుమ్మం ముందు నిలబడి వీడియో తీసి పంపాడు. అమ్మ కూరగాయలు, చేపలు కొన్న క్యాజిల్ మార్కెట్ 2013లో మూతపడింది, తర్వాత పడగొట్టేశారు. ఆ ఖాళీ స్థలం కూడా తీశాడు. తమ్ముడూ, నీ పరీక్షలు బాగా రాయి. సెలవులకి వస్తే మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్ళకూడదు.

లీడ్స్‌లో ఉంటున్న డాక్టర్ దంపతులకి అమ్మ ప్రత్యేకంగా చెప్పమంది. ఆంటీ గారూ, మీరిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నది చాలావరకు తిండి గురించే! 1972లో ఉగాండా నుంచి వెళ్ళగొట్టిన గుజరాతీలు లెస్టర్‌లో స్థిరపడి కొట్లు పెట్టాక, కందిపప్పు కోసం రైలెక్కి అక్కడికి వెళ్ళడం, చింతపండు అయిపోతే నెలనెలా ఎదురుచూడటం. చింతపండు లేనప్పుడు అమ్మ చారులో హెండర్సన్స్ రెలిష్ పోసేది. అది ఆ ఊరివాళ్ళు ప్రతిదాంట్లో వేసుకునే నల్లటి పులుసు. అందులో చింతపండు ఉందని సీసా మీద చదివి చెప్పింది మా పక్కింటావిడ.

ఆవిడ గురించే అసలు చెప్పాల్సింది. పడుచుతనంలో చెంచాలకి, ఫోర్కులకి మెరుగుపెట్టే పనిచేసిన మనిషి. అలాంటివాళ్ళని అక్కడ ‘బఫర్ గర్ల్స్’ అనేవారు. మసి అంటకుండా ఒంటికి బ్రౌన్ పేపరు చుట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని పనికి పోయేవారట. నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ రాలేకపోయింది. నాన్నకి రాత్రి డ్యూటీలు. ఆవిడే పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి, నన్ను ఒళ్ళో వేసుకుని, అమ్మని పడుకోమనేది. కన్నతల్లి పోసే పురుడు ఆవిడ పోసింది. మేం వచ్చేశాక కొన్నేళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి.

నేను రాసింది చదివి, పాత వీధి పేరు పట్టుకుని, ఆవిడ కూతుర్ని వెతికిపెట్టిన నర్సు గారూ, మీ రుణం నేను తీర్చుకోలేను. ఆవిడ ఇప్పుడు లేరు. కానీ నాన్న ఒక ప్రింటు వాళ్ళకీ ఇచ్చారట! అది 1976 ఎండాకాలం, వానల్లేక ఇంగ్లండు అల్లాడిన ఏడు. గడప మీద పక్కపక్కన కూర్చుని నూలు చీరలో అమ్మ, చేతుల్లేని గౌనులో ఆవిడ, ఆవిడ ఒళ్ళో నేను. ఫొటో వెనక నాన్న చేతిరాత. నాన్న కళ్ళతో చూసిన అమ్మ మాకు దొరికింది ఈ ఒక్క ఫొటోలోనే. పంపిన అక్కకి అమ్మ తన చేత్తో తెలుగులోనే ఉత్తరం రాసింది. నేను కింద ఇంగ్లీషులో రాసి జతచేశాను.

అసలు ఫొటోలు పంపినవాళ్ళందరికీ స్కాన్ చేసుకుని ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో తిరిగి పంపుతున్నాను. లీడ్స్ ఆంటీ ఇచ్చిన 1978 ఉగాది గ్రూపు ఫొటోలో వెనక వరసలో ఎడమ నుంచి రెండో ఆవిడ, ఆమె పక్కన కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు గారు ఎవరో అమ్మకి గుర్తు రావడం లేదు. మీలో ఎవరైనా గుర్తుపడితే నాకు చెప్పండి. అమ్మ ఫోన్ చేసి మాట్లాడతానంటోంది.