మీ పవర్ సప్లైలు కాదు, నా మీటరే తప్పు చూపించింది

గత నెల సర్వీసుకి వచ్చిన రెండు కంప్యూటర్లలో, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె) వోల్టేజీ ఎక్కువ ఇస్తోంది, ఇలాగే వదిలేస్తే మదర్‌బోర్డు పోతుందని చెప్పి కొత్తవి వేశాను. నిజానికి నేను తీసేసిన పాతవి రెండూ బాగానే ఉన్నాయి. మూడో ఆయన, గేమ్ పెట్టగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని తెస్తే, ఎస్ఎంపీఎస్‌లో తేడా ఏమీ లేదని పంపేశాను. పాడైంది అదే.

పసుపు వైరు మీద 12 వోల్టులు రావాలి, 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 దాకా. ఆ రెండింటికీ నా మీటర్‌లో 12.9 వచ్చింది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల తెరలో) 12.1 అని కనిపిస్తూనే ఉంది, కానీ అది బోర్డు మీది చిప్ లెక్కగట్టి చెప్పే అంకె, దాన్ని నేనెప్పుడూ లెక్కచేయలేదు. మూడో ఆయన మళ్లీ వచ్చినప్పుడు కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టి చూస్తే దానిక్కూడా 12.9! చెడ్డ సరుకు పంపావని డీలర్ మీద అరిచాను. "ముందు నీ మీటర్‌లో బ్యాటరీ చూసుకో" అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ పనే చేస్తున్న నాకు మీటర్ పట్టుకోవడం నేర్పుతాడా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున డిస్‌ప్లే దగ్గరగా పెట్టుకుని చూస్తే, గీతలు పడిన ప్లాస్టిక్ కింద ఓ మూల బ్యాటరీ గుర్తు మసగ్గా వెలుగుతోంది. కొత్త బ్యాటరీ వేశాక అదే వైరు మీద 12.1. బ్యాటరీ దిగిపోతే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని నాకు తెలియక కాదు, చూడలేదంతే. మూడో ఆయన ఎస్ఎంపీఎస్ లోడ్ మీద, అంటే గేమ్‌లాంటి బరువైన పని పడినప్పుడు, 11.2కి పడిపోతుంటే నాకు 12.0గా కనిపించింది అందుకే. డీలర్‌కి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆయన అన్న తీరు మాత్రం ఇప్పటికీ నచ్చలేదు.

ఆ ఇద్దరికీ చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు నలిగిపోయాను. వాళ్ల సిస్టమ్‌లు బాగా నడుస్తున్నాయి, ఫిర్యాదు లేదు, నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ "మీరు చెబితే మార్చేయండి" అని రెండో మాట లేకుండా ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. నిన్న ఇద్దరికీ ఫోన్ చేశాను. పాత ఎస్ఎంపీఎస్‌లు నా దగ్గరే ఉన్నాయి, వెనక్కి బిగించి డబ్బు మొత్తం ఇచ్చేస్తాను. మూడో ఆయనకి కొత్తది ఉచితంగా వేశాను.

ఇకమీదట రెండు మీటర్లతో, లోడ్ లేనప్పుడు ఒకసారి, లోడ్ మీద ఒకసారి కొలిచి, ఆ అంకెలు బిల్లు మీదే రాసిస్తాం. సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ పంపి, వోల్టేజీ తక్కువ చూపిస్తోంది మార్చేయమంటే మాత్రం కొలవకుండా మార్చను.