మెట్ల మీద నా పక్కన కూర్చున్న ఆవిడకి

నిన్నటితో నా గ్రూప్ థెరపీ కోర్సు అయిపోయింది. ఇంటికొచ్చి పడుకున్నదాన్ని పన్నెండు గంటల తర్వాత లేచాను. లేవగానే ఇది రాయడానికి కూర్చున్నాను. మాటలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి, ఇంకా అలసట తీరలేదు.

మీలో చాలామందికి తెలియదు. రెండేళ్ళుగా నాకు డిప్రెషన్, దానికి తోడు పానిక్ అటాక్స్. ఫోన్లు ఎత్తనందుకు, పిలిచినప్పుడు రానందుకు నొచ్చుకున్నవాళ్ళు ఉంటే, కారణం ఇదే.

అమ్మకి, తమ్ముడికి, ఆయనకి వేరే చెప్పేదేముంది. మీకు తెలుసు.

నేను చెప్పాల్సింది ఆవిడ గురించి. పేరు తెలియదు. నేను మొదటిసారి సైకియాట్రీ ఓపీకి వెళ్ళిన రోజు కనిపించింది. తోడెవరూ వద్దని పంతం పట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. నా టోకెన్ రాకముందే హాల్లో అటాక్ మొదలైంది. గుండె దడ, వేళ్ళు తిమ్మిర్లు, ఊపిరి అందడం లేదు. ఇక చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఎవరూ చూడకూడదని మెట్ల దగ్గరికి పరిగెత్తాను. వెనకాలే ఆవిడ వచ్చింది, చంకలో లావుపాటి ఫైలుతో.

ఏమైందని అడగలేదు. "ధైర్యంగా ఉండు" అనలేదు, "ఏమీ ఆలోచించకు" అనలేదు. నా పక్క మెట్టు మీద కూర్చుని, "ఇది నాకూ వస్తుందమ్మా. ఎంత పైకి పోయినా కాసేపటికి దానంతటదే దిగుతుంది. దిగేదాకా ఇక్కడే ఉంటా" అంది. చేతిరుమాలు చల్లటి నీళ్ళతో తడిపి నా కళ్ళ మీద, బుగ్గల మీద ఒత్తింది. పాదాలు మెట్టుకి ఆనించి గట్టిగా నొక్కమంది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు అంది. నాకు చేతకాలేదు. రెండో అంకెకే ఊపిరి తెగిపోతోంది. "పర్లేదు, రెండు పీల్చు, మూడు వదులు. వదిలేది ఎక్కువుంటే చాలు" అని తనే లెక్క తగ్గించేసింది.

అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా అందరూ నన్నే ఇంకొంచెం కూడదీసుకోమన్నవాళ్ళు. నాకు చేతనైనంతకి లెక్క తగ్గించిన మొదటి మనిషి ఆవిడ.

తర్వాత కళ్ళకి కనిపించేవి అయిదు చెప్పమంది, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. వాసనల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకు మామూలుగా వినిపించింది. నన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

టోకెన్లు పిలిచే అబ్బాయి తర్వాత చెప్పాడు. మేం మెట్ల మీద ఉండగా ఆవిడ నంబరు మూడుసార్లు పిలిచారట. వినపడే దూరమే. ఆవిడ లేవలేదు. ఆ రోజుకి చూపించుకోకుండానే వెళ్ళిపోయింది. అక్కడ ఒక తారీఖు తప్పితే మళ్ళీ నెలన్నర. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కాళ్ళు చేతులు ఆడవు.

ఆవిడ చేసినవన్నీ ఏమిటో గ్రూప్‌లో చేరాకే తెలిసింది. ఊపిరి వదిలేది పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. ముఖానికి చల్లదనం తగిలినా అంతే, నీళ్ళలో మునిగినప్పుడు ఒంట్లో జరిగేదే అది. (గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా చల్లనీళ్ళలో ముఖం ముంచకండి.) మేం నేర్చుకున్న పద్ధతి డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), అంటే ఉప్పొంగే భావాలని తట్టుకోవడం నేర్పే చికిత్స. దాన్ని తయారుచేసిన అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినహాన్ 17 ఏళ్ళ వయసులో తనే మానసిక వైద్యశాలలో ఉన్నారు. ఆ సంగతి 2011లో పదిమందికీ చెప్పారు. అది విన్నప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. నాకు ఈ గ్రూప్‌లో చోటు దొరకడానికి అయిదు నెలలు పట్టింది. ఈలోగా వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు, మొదటి నుంచీ మళ్ళీ నా కథ, అయిదు నిమిషాలు, మందుల చీటీ. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని కూడా ఎవరూ చెప్పలేదు. పదిరోజులకే నా మీద పనిచేయట్లేదనుకుని మానేశాను. ఊపిరి వ్యాయామాల కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు. అవి బాగున్న రోజుల్లో రోజూ చేస్తేనే బాగోలేని రోజు చేతికొస్తాయి. ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. జబ్బున్న మనిషి తన నంబరు వదులుకుని ఇంకో జబ్బు మనిషికి నేర్పాల్సిన గతి ఎందుకు?

మా కౌన్సెలర్‌గారికి నమస్కారాలు. నేను వారమంతా ఏ అభ్యాసమూ చేయకుండా వెళ్ళినా, ఏ రోజు ఏది అడ్డొచ్చిందని అడిగారే కానీ ఒక్కసారీ కసురుకోలేదు. గ్రూప్‌లో వాళ్ళందరికీ కూడా, పేర్లు రాయకూడదు కాబట్టి రాయట్లేదు. సెలవు చీటీలో కారణం అడగని మా మేనేజర్‌గారికి. అయ్యో, పొద్దున్నే తలుపు కొట్టి నడకకి లాక్కెళ్ళిన పక్కింటి పిన్నిగారికి. మందులు ఎందుకు మానేశారని అడిగి మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపిన మెడికల్ షాపు అతనికి. ఇంకా, ఆ టోకెన్ల అబ్బాయికి. ఆ రోజు అతను చెప్పకపోతే నాకు అసలు సంగతే తెలిసేది కాదు, అతనికి థాంక్స్ కూడా చెప్పలేదు.

అమ్మా, మీ చేతిరుమాలు నా దగ్గరే ఉండిపోయింది. నీలం అంచుది. ఉతికి మడతపెట్టి ఓపీకి వెళ్ళిన ప్రతిసారీ బ్యాగులో పెట్టుకెళ్తున్నాను.