మలుపుకు ముందే గేర్

చిన్నా,

"ఆటోమేటిక్ కారుకు స్టీరింగ్ వెనక ఈ రెక్కలెందుకమ్మా, ఉత్త షోకేనా?" అని అడిగావు. షోకు కాదు నాన్నా. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతీ కాదు. అంత పికప్ ఉన్న బండి నీ చేతికి వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు దారి కనిపించదు. నీ కాలు యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కుతోంది, చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది (అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది), బ్రేకు ఎంత గట్టిగా పడింది, ఇలాంటివే దానికి తెలుసు. చీకట్లో మెట్లు దిగే మనిషికి అడుగు పడ్డాకే మెట్టు ఎంత లోతో తెలిసినట్టు, దానికి మలుపు సంగతి మలుపులోకి వచ్చాకే తెలుస్తుంది. శాటిలైట్ సాయంతో ముందున్న దారిని చూసుకుని గేర్ ఎంచుకునే బండ్లు కూడా వచ్చాయనుకో. రోల్స్ రాయిస్ 2013లో రెయిత్ కారులో ఆ ఏర్పాటు పెట్టింది. కానీ మలుపు అవతల రోడ్డు మీద కంకర పడి ఉందనీ, ముందున్న లారీ బ్రేకు వేయబోతోందనీ ఏ మ్యాపూ చెప్పదు. అది నీ కళ్లకే తెలుస్తుంది. నీ కళ్లు చూసినదాన్ని గేర్‌బాక్స్‌కు ముందుగా చేరవేయడానికే నువ్వడిగిన ఆ రెక్కలు, అంటే ప్యాడిల్స్. ఎడమది లాగితే గేర్ తగ్గుతుంది, కుడిది లాగితే పెరుగుతుంది. నీ ఫ్రెండ్స్ అన్నట్టు వేగం కోసం కూడా పనికొస్తాయి, కానీ నా దృష్టిలో అది రెండో సంగతి.

వీటి పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. 1989లో జాన్ బర్నార్డ్ అనే డిజైనర్ ఫెరారీ 640 అనే ఫార్ములా వన్ కారుకు వీటిని పెట్టాడు. అప్పటిదాకా డ్రైవరు గేర్ మార్చాలంటే ఒక చేయి స్టీరింగ్ మీంచి తీసి గేర్ రాడ్డు పట్టుకోవాల్సిందే, అదీ కారు ఊగిపోతున్న వేగంలో. రాడ్డు తీసేస్తే డ్రైవరు కూర్చునే చోటును సన్నగా చేయవచ్చు, రెండు చేతులూ ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉంటాయి. టెస్టింగ్‌లో ఆ గేర్‌బాక్స్ పదేపదే మొరాయించింది. అయినా బ్రెజిల్‌లో జరిగిన తొలి రేసులోనే నైజెల్ మాన్సెల్ ఆ కారుతో గెలిచాడు. 1997లో ఫెరారీ తన ఎఫ్355తో ఆ పద్ధతిని రోడ్డు కార్లలోకి తెచ్చింది. రేసు డ్రైవర్ల కోసం పుట్టినదైనా, చేతులు స్టీరింగ్ వదలకపోవడం అనే లాభం మాత్రం నీకూ నాకూ అందరికీ ఒకటే.

నీ కారులో ఉన్నది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. దాని తీరు తెలిస్తే ప్యాడిల్ ఎప్పుడు చప్పున మాట వింటుందో, ఎప్పుడు కాస్త తటపటాయిస్తుందో నీకే అర్థమవుతుంది. లోపల ఇంజిన్‌ను గేర్లతో కలిపి విడదీసే క్లచ్‌లు రెండుంటాయి. 1, 3, 5, 7 గేర్లు ఒకదాని కింద, 2, 4, 6 ఇంకోదాని కింద. నువ్వు మూడులో పోతుంటే రెండో వైపు తర్వాతి గేర్ ముందే పడి సిద్ధంగా ఉంటుంది. ప్యాడిల్ లాగగానే ఒక క్లచ్ వదులుతుంది, ఇంకొకటి పట్టుకుంటుంది, అంతే. కుదుపు కూడా తెలియదు. అయితే సిద్ధంగా ఉన్నది ఏ గేరో కంప్యూటర్ అంచనా వేసుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కి ఉంచావంటే వీడు నాలుగుకు వెళ్తాడని నాలుగు పెట్టుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా ఎడమ ప్యాడిల్ లాగితే నాలుగును తీసి రెండును పెట్టుకోవాలి కదా, అందుకు కొంచెం ఆలస్యమవుతుంది. గేర్ పడలేదని గాభరాపడి మళ్లీ మళ్లీ లాగకు. బ్రేకు మీద కాలు పెట్టాక అయితే నువ్వు గేర్ తగ్గిస్తావని దానికీ అర్థమవుతుంది, అప్పుడు చకచకా దిగుతుంది.

ఇక అసలు సంగతి. మొన్న నీ పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఒకటి గమనించాను. ఎడమ వైపు పొడుగాటి మలుపు వచ్చింది. కొంచెం ఎక్కువ వేగంతోనే లోపలికి వెళ్లావు. సగం తిరిగాక నీకూ అనుమానం వచ్చినట్టుంది, ఎడమ ప్యాడిల్‌ను వెంటవెంటనే రెండుసార్లు లాగావు. ఇంజిన్ ఒక్కసారిగా గొంతెత్తింది. మన తలలు ముందుకు వాలాయి. సరిగ్గా అప్పుడే సీటు కింద కారు వెనక భాగం తేలికై పక్కకు జరగబోయినట్టు నాకు తెలిసింది. రోడ్డు పొడిగా ఉంది కాబట్టి టైర్లు పట్టు వదల్లేదు. నువ్వు పాట వింటున్నావు, ఆ కదలిక నీ దాకా వచ్చిందో లేదో.

అక్కడ జరిగింది ఇది. గేర్ తగ్గించగానే ఇంజిన్ చక్రాలను వెనక్కి పట్టి లాగుతుంది. నీ కారులో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది కాబట్టి ఆ లాగుడూ వెనక చక్రాల మీదే పడుతుంది. అదే సమయంలో కారు బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల మీద నొక్కుడు తగ్గుతుంది. మలుపులో కారు బయటికి జారకుండా ఆపే పని అప్పటికే వాటి మీద ఉంది. ఉన్న పట్టు తగ్గిపోతున్న వేళ కొత్త పని నెత్తిన పెట్టావన్నమాట. తడి రోడ్డయితే కారు వెనక భాగం ముందుకు తిరిగి వచ్చేస్తుంది. జారబోయే కారును తనంతట తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ చాలాసార్లు కాపాడుతుంది, నిజమే. దాని మీద భరోసా పెట్టుకుని నడపొద్దురా.

మలుపు కనిపించగానే, స్టీరింగ్ ఇంకా తిన్నగా ఉండగానే బ్రేకు వెయ్యి. వేగం తగ్గించే పని బ్రేకులది, గేర్లది కాదు. వేగం దిగుతుంటే ఆర్‌పీఎం ముల్లు కూడా కిందికి వస్తుంది. అది సగానికి దిగాక ఎడమ ప్యాడిల్ ఒకసారి లాగు. ఇంజిన్ తనంతట తానే కాస్త ఊపందుకుని కింది గేర్ వేగానికి సరిపెట్టుకుంటుంది, ఆ చిన్న 'వూమ్' శబ్దం అదే. ముల్లు మళ్లీ దిగాక ఇంకోసారి. ఇదంతా స్టీరింగ్ తిప్పకముందే అయిపోవాలి. మలుపులోకి వెళ్లేసరికి నీ చేతులకు తిప్పడం తప్ప ఇంకో పని మిగలకూడదు. లోపల యాక్సిలరేటర్‌ను తేలిగ్గా, ఒకే తీరున పట్టి ఉంచు. బయటికి వచ్చే దారి కనిపించాక మెల్లగా పెంచు. డి లో, అంటే గేర్లన్నీ బండే మార్చుకునే డ్రైవ్ స్థానంలో, వదిలేసి ఇదే మలుపు తిరిగి చూడు, గేర్‌బాక్స్ పై గేర్‌లో కూర్చుని ఉంటుంది. బయటికి వస్తూ నువ్వు తొక్కగానే అప్పుడు మేలుకుని రెండు గేర్లు ఒక్కసారి దించుతుంది, కారు ఎగిరిపడుతుంది. ముందే గేర్ పెట్టుకుంటే ఆ కుదుపు ఉండదు. కారు తాడు పట్టుకున్నట్టు నీ వెంట వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. నీ కారు ప్యాడిల్స్ స్టీరింగ్‌కే బిగించి ఉన్నాయి, దానితోపాటు తిరుగుతాయి. కొన్ని కార్లలో, ఫెరారీల్లో లాగా, స్టీరింగ్ కాలమ్‌కు, అంటే స్టీరింగ్ వెనకుండే తిరగని గొట్టానికి, పొడుగ్గా బిగించి ఉంటాయి, స్టీరింగ్ ఎంత తిప్పినా అవి ఉన్నచోటే ఉంటాయి. నీలాంటి వాటిలో గట్టి మలుపులో స్టీరింగ్ బాగా తిప్పాక కుడిది ఏదో ఎడమది ఏదో వేళ్లకు తికమక. మలుపుకు ముందే గేర్ పని ముగించమనడానికి ఇదీ ఒక కారణం. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పెట్టుకో.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం ప్యాడిల్ ఉండి వాడకపోవడం తప్పనే అంటాను. దిగువకు డి లో వదిలితే బండి పై గేర్‌లో జారుతూ పోతుంది, నువ్వు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటావు. ఆ వేడంతా డిస్కుల్లోకి, అక్కడి నుంచి బ్రేక్ ఫ్లూయిడ్‌లోకి పోతుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, బాగా తేమ చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడి, తొక్కితే పెడల్ నేల దాకా పోతుంది. బ్రేకు పడదు. రెండో గేర్‌కో మూడో గేర్‌కో దించి వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, పైగా కాలు తీసి దిగుతున్నంతసేపూ ఇంజెక్టర్లు పెట్రోలు పోయడం దాదాపు మానేస్తాయి. దిగుడు మొదలవకముందే గేర్ పెట్టుకో, సగం దిగాక వేగం చేతులు దాటిపోతుంటే కాదు. ఇక్కడొక జాగ్రత్త ఉంది, చాలామంది చెప్పరు. గేర్‌తో వేగం తగ్గించినప్పుడు నీ బ్రేక్ లైట్లు వెలగవు. వెనక వచ్చేవాడికి నువ్వు నెమ్మదిస్తున్న సంగతి తెలియదు. అద్దంలో ఎవరైనా దగ్గరగా కనిపిస్తే బ్రేకు పెడల్‌ను లైటు వెలిగే మటుకు తాకించు.

ఓవర్‌టేక్ చేసేటప్పుడూ ఇంతే. ముందు బండి వెనక ఉండగానే, దారి ఖాళీ అని తేలాక, ఒకటో రెండో గేర్లు దించుకో. అప్పుడు బయటికి రా. బయటికి వచ్చాక కాలు నేలకు అదిమి, బండి తనే గేర్ దించే కిక్‌డౌన్ కోసం ఎదురుచూస్తుంటే, ఎదురు లేన్‌లో గడిపే క్షణాలు అనవసరంగా పెరుగుతాయి. నా టెన్షన్ అంతా అక్కడే.

కుడి ప్యాడిల్ గురించి రాయడానికి పెద్దగా లేదు. ప్రతిసారీ మీటరు మీద ఆర్‌పీఎం హద్దు చూపే ఎర్రగీత దాకా లాగాల్సిన పని లేదు. నీది టర్బో ఇంజిన్, దాని బలమంతా మధ్యలోనే ఉంటుంది, చివర్లో శబ్దం పెరిగినంతగా ఊపు పెరగదు. పై గేర్ వేయగానే ముల్లు ఎంత దిగుతుందో తెలుసుకుంటే చాలు. ఉదాహరణకు జడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల పెట్టెలో రెండో గేర్ నిష్పత్తి సుమారు 3.13, అంటే పెట్టె నుంచి బయటికి వచ్చే ఒక్కో చుట్టుకు ఇంజిన్ అన్ని చుట్లు తిరుగుతుంది; మూడోది 2.10. రెండులో 6,000 మీద మారిస్తే మూడులో 4,000 దగ్గర తేలతావు. ఇంజిన్ అక్కడ కూడా హుషారుగా ఉంటే ఇంకా లాగి లాభం లేదు. పొద్దున్నే బండి తీసినప్పుడైతే అసలే వద్దు. నీళ్ల వేడి ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. అప్పటిదాకా సగం లోపే ఉంచు.

గేర్ మరీ కిందికి దించబోతే ఆర్‌పీఎం హద్దు దాటుతుందని కారే ఒప్పుకోదు, టింగుమని చెప్పి ఊరుకుంటుంది. ఆ కాపలా ఇంజిన్‌కు. టైర్ల పట్టుకు కాదు. తడి రోడ్డు మీద అది ఒప్పుకున్న గేర్ కూడా నిన్ను జారేయగలదు, కాబట్టి వానలో ఒక గేర్ పైనే ఉండు.

ట్రాఫిక్‌లో మాత్రం హాయిగా డి లో వదిలెయ్. నేను క్లచ్ తొక్కీ తొక్కీ అలసిన మనిషిని, నాకు ఆ సుఖం విలువ తెలుసు. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకు, డ్యూయల్ క్లచ్ అక్కడే కాలిపోతుంది. బ్రేకు మీద ఉంచు.

ఈ ఆదివారం కారు మాన్యువల్ పుస్తకం తీసి మూడు విషయాలు చూసి నాకు ఫోన్ చెయ్. డి లో ఉండగా ప్యాడిల్ లాగితే ఎంతసేపటికి తిరిగి ఆటోమేటిక్‌లోకి పోతుందో. ఎర్రగీత దగ్గర తనే పై గేర్ వేస్తుందా, లేక అక్కడే తన్నుకుంటూ ఉండిపోతుందా. కుడి ప్యాడిల్ పట్టుకుని ఉంచితే డి కి తిరిగి వస్తుందా. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెడుతుంది, నీది ఏదో తెలిశాకే ఘాట్ ఎక్కుదాం. అన్నట్టు, బ్రేక్ ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారో సర్వీస్ బుక్కులో చూడు. రెండేళ్లు దాటి ఉంటే ముందు అది మార్పించు.

ప్రేమతో,
అమ్మ