నాయకత్వ శిక్షణ కిట్, ఒకరోజు శిబిరంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

నమస్కారం.

విషయం: తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం మీరు పంపిన బృంద కృత్యాల కిట్, మీ శిక్షకుడు నడిపిన శిబిరం గురించి.

మా బడిలో పిల్లలకు నాయకత్వ లక్షణాలు నేర్పే బాధ్యత నాది. అది ఉపన్యాసాలతో అబ్బేది కాదు, చేతులతో చేయించే నేర్పాలి అని మీ కరపత్రంలో రాశారు. నా అభిప్రాయమూ అదే కాబట్టి కిట్ తెప్పించాం, శిబిరం పెట్టించాం. తీరా చూస్తే వస్తువులూ సరిగా లేవు, నడిపిన తీరూ సరిగా లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండోదే గానీ, ముందు వస్తువుల సంగతి చెప్తాను.

కర్రను నేలకు దించే ఆట ఉంది కదా, దాని కిటుకంతా కర్ర తేలిగ్గా ఉండటంలోనే ఉంది. పిల్లలు రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబడి, చాచిన చూపుడు వేళ్ల మీద కర్రను ఆనించుకుంటారు. ఎవరి వేలూ కర్రను వదలకూడదు. వదిలేస్తామేమోనన్న జాగ్రత్తలో ప్రతి ఒక్కరూ తెలియకుండానే కాస్త పైకి నెడతారు. దాంతో దిగాల్సిన కర్ర పైకి లేస్తుంది. "నువ్వే లేపుతున్నావ్" అని ఒకరినొకరు అనుకోవడం మొదలవుతుంది. ఆ కోపాన్ని ఎవరు చల్లార్చారు, ఎవరు అందరినీ ఒక లయలోకి తెచ్చారు అన్నదే అక్కడ చూడాల్సింది. మీరు పంపింది మందపాటి ప్లాస్టిక్ గొట్టం. వేళ్ల మీద పెట్టగానే దాని బరువుకి అదే దిగిపోయింది. "అయిపోయింది సార్, ఇంకేం చెయ్యాలి?" అని పిల్లలు అడిగితే మీ శిక్షకుడు చప్పట్లు కొట్టించి తర్వాతి ఆటకు వెళ్లిపోయారు.

గోపురం ఆట ఇంకా అన్యాయం. డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన ఆ కృత్యాన్ని టామ్ వుజెక్ 2010లో టెడ్ అనే ప్రసంగాల వేదికపై వివరించాక చాలా దేశాల్లో ఆడిస్తున్నారు. 20 ఉడికించని స్పగెట్టీ పుల్లలు (నూడుల్స్ లాంటి సన్నటి ఎండు పుల్లలు), గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో (మెత్తటి మిఠాయి), 18 నిమిషాలు; వీటితో, కొసన మార్ష్‌మాలో నిలిచేలా వీలైనంత ఎత్తు గోపురం కట్టాలి. మార్ష్‌మాలో చూడ్డానికి దూదిలా ఉంటుంది, కానీ సన్నటి పుల్లల కొసన పెట్టగానే గోపురం ఒరిగిపోతుంది. చివరిదాకా దాన్ని ముట్టుకోని జట్లు ఆఖరి నిమిషంలో కూలిపోతాయి. మొదటినుంచీ పెట్టి చూస్తూ, పడితే సరిచేసుకుంటూ పోయే చిన్నపిల్లలు చాలాసార్లు పెద్దల్ని మించిపోతారని వుజెక్ చెప్పింది అందుకే. మీ కిట్‌లో వచ్చినవి వంగని వెదురు పుల్లలు. కొసన పెట్టడానికి ఒక థర్మోకోల్ ఉండ. సమయం 8 నిమిషాలు. కూలే అవకాశమే లేని గోపురంతో ఏం నేర్పుదామనుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక శిబిరం. ఒక జట్టులో పెద్దగా మాట్లాడని అమ్మాయి ఉంది. అందరూ పుల్లలు కడుతుంటే ఆ పిల్ల ఉండను రెండుసార్లు చేతిలోకి తీసుకుని "ఒకసారి పైన పెట్టి చూద్దాం" అంది. పక్కనున్న అబ్బాయి "ముందు ఎత్తు రానీ" అని కసిరాడు. ఆట అయ్యాక 'ఉత్తమ నాయకుడు' బ్యాడ్జీ ఆ అబ్బాయికే పెట్టారు. మీ మార్కుల పట్టిక తిరగేస్తే కారణం తెలిసింది: స్పష్టమైన గొంతు, ఆత్మవిశ్వాసం, ఆజ్ఞాపించే సామర్థ్యం. ఇతరుల మాట వినడానికి ఒక్క మార్కు లేదు. గట్టిగా అరిచేవాడికి పట్టం కట్టడానికి శిబిరం ఎందుకండీ, ఆ పని తరగతి గదిలో రోజూ జరుగుతూనే ఉంటుంది.

ఇది కొత్తగా తేలిన విషయం కూడా కాదు. మనస్తత్వ పరిశోధకులు కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ 1939లోనే పదేళ్ల అబ్బాయిల బృందాలపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. పెత్తనం చేసే నాయకుడి కింద ఉన్న పిల్లలు ఆయన గది దాటగానే పని తగ్గించేశారు. అందరితో చర్చించి నడిపించే నాయకుడున్న చోట ఆయన లేకపోయినా పని సాగింది. నాయకత్వ శిక్షణ అమ్మే సంస్థకు ఈ సంగతి నేను చెప్పాల్సి రావడం ఇబ్బందిగానే ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోపం, ఆట తర్వాత మాట లేకపోవడం. ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మారుద్దాం అని పిల్లల చేత చెప్పించకపోతే అది ఆటవిడుపు మాత్రమే. అనుభవం, దానిపై ఆలోచన, అందులోంచి సూత్రం, మళ్లీ ప్రయోగం: అనుభవం ద్వారా నేర్చుకోవడం గురించి విద్యా సిద్ధాంతవేత్త డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన చక్రం ఇదే. మీ మార్గదర్శి పుస్తకంలో ప్రతి కృత్యం కిందా ఉన్నది ఒకే వాక్యం: "విద్యార్థుల అభిప్రాయాలు అడగండి, 2 నిమిషాలు." శిబిరంలో ఆ రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదు, ఫొటోలకు మాత్రం సమయం దొరికింది.

ఇంకొకటి. మార్గదర్శి చివర్లో, బల్ల మీద నుంచి వెనక్కి పడితే తోటివాళ్లు పట్టుకునే ఆట ఉంది. పట్టుకునేవాళ్లు ఎలా నిలబడాలి, చేతులు ఎలా పెట్టాలి, ఎవరు పర్యవేక్షించాలి అన్న వివరం ఎక్కడా లేదు. మేం దాన్ని ఆడించనివ్వలేదు. ఇదే పుస్తకం వేరే బళ్లకూ వెళ్లి ఉంటుంది కాబట్టి, ఆ పేజీ వాడొద్దని అందరికీ వెంటనే తెలియజేయండి. మిగతావాటికన్నా ముందు ఈ పని జరగాలి.

మాకు తేలికైన కర్ర, అసలు కొలతల ప్రకారం గోపురం సామగ్రి పంపండి. మార్కుల పట్టికను వెనక్కి తీసుకోండి. ప్రతి కృత్యానికీ చర్చా ప్రశ్నలున్న మార్గదర్శి ఇవ్వండి. శిబిరాన్ని చర్చ నడపడం తెలిసిన శిక్షకుడితో మళ్లీ ఉచితంగా పెట్టండి, కుదరకపోతే దాని రుసుము తిరిగి చెల్లించండి. గొట్టం, పుల్లలు, మార్కుల పట్టికల ఫొటోలు, బిల్లు నకలు జతచేశాను. ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు. లేకపోతే మా యాజమాన్యం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని నిర్ణయించింది.

ఇట్లు,
కృత్యాల బాధ్యురాలైన ఉపాధ్యాయిని