దామెర్ల గ్యాలరీకి పుష్కరాల పనుల్లో చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్ల గురించి పేపర్లో వార్త కనబడితే వదలకుండా చదువుతాను. ఘాట్లు, రోడ్లు, పార్కింగ్, మరుగుదొడ్లు అన్నీ కావాల్సినవే. వాటితో పాటు గోదావరి గట్టుకు దగ్గర్లోనే ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీని కూడా ఆ లిస్టులో గట్టిగా పట్టించుకోవాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని పనితనం గుర్తించి వెన్నుతట్టారు, ఆ ప్రోత్సాహంతోనే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళి చదువుకున్నారు. చదువయ్యాక సొంత ఊరికే తిరిగొచ్చి, కుర్రాళ్ళకి బొమ్మలు నేర్పడానికి ఒక చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి చనిపోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అంత చిన్న వయసులో పోయిన మనిషి వేసిన బొమ్మలు ఇన్ని మనకి మిగిలాయంటే ఆయన భార్య సత్యవాణి గారు, స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు వాటిని కంటికి రెప్పలా కాచుకోబట్టే. సత్యవాణి గారు, దామెర్ల చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే అన్న సంగతి మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు?

గ్యాలరీలోకి వెళ్తే ముందు పెద్ద బొమ్మల మీదికి చూపు పోతుంది, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’, ‘నంది పూజ’ లాంటివి. నన్ను మాత్రం ఎప్పుడూ కట్టిపడేసేవి తూర్పు కనుమల్లో గోదావరిని చూపే బొమ్మలే. పాపికొండలు లాంచీలో వెళ్ళినవాళ్ళెవరైనా ఆ కొండల మధ్య నీళ్ళని ఇట్టే గుర్తుపడతారు. కాస్త దగ్గరికెళ్ళి చూడండి, దగ్గరి కొండ మీద రంగు చిక్కగా ఉండి, వెనక్కి వెళ్ళేకొద్దీ పలచబడి, చివరి కొండ ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోతుంది. బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి అంతా నేర్చుకుని, అజంతా చూసొచ్చి, బెంగాల్ చిత్రకారుల దారిని అనుకరించకుండా తెలుగు చిత్రకళకి ఒక సొంత ముఖం ఇవ్వాలని చూశారాయన. ఇంకో ఇరవై ఏళ్ళు బతికుంటే ఏం చేసేవారో అన్న బాధ అక్కడ నిలబడ్డ ప్రతిసారీ కలుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ బొమ్మలన్నిటికీ వందేళ్ళు దాటాయి, వీటిలో చాలావరకు కాగితం మీద నీటి రంగులతో వేసినవి. నీటి రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, ఒకసారి వెలిసిపోతే ఇక తిరిగి రాదు. అందుకే పెద్ద మ్యూజియాల్లో కాగితం మీది బొమ్మల దగ్గర వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే కొలత) దాటనివ్వరు. మన ఊళ్ళో మే నెల ఎండ ఒక పక్క, వర్షాకాలం తేమ ఒక పక్క. తేమ పట్టిన కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి, బొమ్మ ఫ్రేము అద్దానికి అంటుకుందంటే విడదీయడం పెద్ద పని. కాబట్టి గోడలకి సున్నం వేసి బయట బోర్డు మార్చడంతో సరిపెట్టకుండా, బొమ్మలు బాగుచేసే నిపుణులని రప్పించి ఒక్కో బొమ్మ పరిస్థితి ఏమిటో రాయించాలి. వెలుతురు, తేమ అదుపులో ఉండే ఏర్పాటు చేయాలి. పుష్కరాల డబ్బులో దీనికయ్యే ఖర్చు ఒక లెక్కలోది కాదు.

ఇంకోటి, దామెర్ల పోయి వందేళ్ళు దాటింది, మన చట్టం ప్రకారం కాపీరైట్ చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ళ వరకే. అంటే ఈ బొమ్మలు ఇప్పుడు అందరివీ. మంచి ఫోటోలు తీయించి, ఒక్కోదాని కింద నాలుగు ముక్కలు తెలుగులో రాసి, నెట్‌లో పెడితే అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా చూసుకుంటారు. ఫోటోలుంటే మాటిమాటికీ అసలు బొమ్మలని కదిపే అవసరం కూడా తగ్గుతుంది.

బడుల వాళ్ళకీ ఒక మాట. పిల్లల్ని ధవళేశ్వరం ఆనకట్టకి, కాటన్ మ్యూజియానికి, కడియం నర్సరీలకి తీసుకెళ్తున్నారు, సంతోషం. అదే బస్సుని ఒక గంట ఈ గ్యాలరీ దగ్గర ఆపండి. ఊరికే వరసలో నడిపించి బయటికి తీసుకురాకుండా, పిల్లలకి తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి నచ్చిన బొమ్మ ముందు కూర్చోబెట్టండి, డ్రాయింగ్ టీచర్ లేని బడుల పిల్లలకైతే ఇది మరీ అవసరం.

పుష్కరాలకి లక్షల మంది మన ఊరొస్తారు. స్నానమయ్యాక రైలుకి ఇంకా టైముందని ఘాట్‌లో కూర్చునేవాళ్ళకి గ్యాలరీకి దారి చూపే బోర్డులు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పెట్టాలి, ఆ పన్నెండు రోజులూ రాత్రి దాకా తెరిచి ఉంచాలి. జనం తోసుకోకుండా విడతలవారీగా లోపలికి పంపాలి, లేకపోతే బొమ్మలకే ముప్పు. ఇవన్నీ కుదరాలంటే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. అధికారులు, మన ప్రజాప్రతినిధులు పుష్కరాల ఏర్పాట్ల మీద తర్వాత జరిగే సమీక్షలోనే దీన్ని ఒక అంశంగా పెట్టాలని, మీరు కూడా జిల్లా పేజీలో వారానికొక దామెర్ల బొమ్మ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం