రాంబో చేసిన వ్యాపారం కాఫీ, బానిసలు కాదు

సంపాదకుడికి,

ఫ్రెంచి కవి ఆర్తూర్ రాంబో గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం కవిత్వం వరకు బాగుంది. ఆ తర్వాతి జీవితాన్ని మాత్రం "బానిసల వ్యాపారిగా మారి ఎడారిలో అంతర్ధానమయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతర్ధానమేమీ కాలేదు. 1880 నుంచి 1891 దాకా అతను ఇంటికి రాసిన ఉత్తరాలు, వ్యాపార లేఖలు ఉన్నాయి. బానిసలను అమ్మాడనడానికి రుజువు లేదు. 1889లో తన సొంత పనికి ఒక కంచరగాడిదను, ఇద్దరు బానిస కుర్రాళ్లను పంపమని స్విస్ ఇంజినీరు ఇల్గ్‌ను అడిగాడు, ఇల్గ్ కుదరదన్నాడు. ఆ ఉత్తరాన్ని దాచనక్కర్లేదు, దాన్నిబట్టి వ్యాపారిని చేయనూ అక్కర్లేదు.

అతను చేసింది కాఫీ పని. 1880లో ఇప్పటి యెమెన్‌లోని ఏడెన్ రేవులో, కాఫీ వ్యాపారం చేసే బార్డే కంపెనీలో చేరాడు. ఒప్పందంలో జీతం ఏడాదికి 1,800 రూపాయలు. అవును, మన రూపాయలే. ఏడెన్ అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీ కింద ఉండేది. మొదటి ఉద్యోగం గింజలు ఏరే ఆడవాళ్ల మీద అజమాయిషీ. వాళ్లలో చాలామంది అక్కడి దండులోని భారతీయ సిపాయిల భార్యలు. మీ వ్యాసంలో రావలసిన మాట అది.

ఆ ఏడాది చివర్లో కంపెనీ పనిమీద, ఇప్పటి ఇథియోపియాలోని హరార్ వెళ్లాడు. సోమాలీ తీరంలోని జైలా రేవు నుంచి ఎడారి దాటి గుర్రం మీద దాదాపు ఇరవై రోజుల దారి. హరార్ కాఫీని కడగరు. పండును పండులాగే ఎండలో పరిచి, రోజూ తిరగేస్తూ, ఊపితే లోపల గింజ గలగలమనేదాకా ఎండబెడతారు. తిరగెయ్యకపోతే అడుగున ఉన్నది పులిసిపోతుంది, ఆ వాసన వేయించినా పోదు. తర్వాత దంచి, చెరిగి, నల్లవీ విరిగినవీ రాళ్లూ ఏరేస్తారు. పొట్టునూ పారెయ్యరు, మరిగించి తాగుతారు.

కొనేవాడు మునిగేది తేమ దగ్గరే. అక్కడి తూకం ఫరాసిలా, సుమారు 17 కిలోలు. 16 శాతం తేమతో కొన్న వంద కిలోల గింజ 12 శాతానికి ఆరితే నాలుగున్నర కిలోలు తరుగు. ఆరకుండానే గోనెల్లో కట్టేస్తే సముద్రపు గాలి తగిలే జైలాలో ఓడ కోసం ఎదురుచూసే రోజుల్లో బూజు పడుతుంది. రెండు విధాలా నష్టం కొన్నవాడిదే.

డబ్బు ఇంకో తలనొప్పి. చెల్లుబాటయ్యేది ఆస్ట్రియా రాణి మరియా తెరెసా బొమ్మ ఉన్న వెండి నాణెం. ఎప్పుడు ముద్రించినా దాని మీద 1780 అనే ఉంటుంది, బరువు 28 గ్రాముల పైన. అమ్మేవాడు రాణి భుజం మీది పతకంలో తొమ్మిది ముత్యాలూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకునేవాడు. అరిగిన నాణెం అయితే తిప్పికొట్టేవాడు. వెయ్యి నాణేలంటే 28 కిలోలు, అదీ ఒంటె మీదే రావాలి. 1887లో కైరో నుంచి రాసిన ఉత్తరంలో, నడుముకు కట్టుకున్న పదహారు వేల పైచిలుకు ఫ్రాంకుల బంగారం ఎనిమిది కిలోలుందని రాంబో వాపోయాడు. ఇరవై ఫ్రాంకుల నాణెం 6.45 గ్రాములు, లెక్క కడితే అయిదు కిలోల పైన తేలుతుంది. కష్టాన్ని కాస్త పెంచి చెప్పుకోవడం అతనికి మామూలే.

అతను తుపాకుల వ్యాపారం చేసిన సంగతి నిజం. 1886-87లో, తర్వాత ఇథియోపియా చక్రవర్తి అయిన మెనెలిక్ రాజుకు అమ్మడానికి వెళ్లాడు. భాగస్వామి లబాతూ మధ్యలోనే చనిపోయాడు, రాజు తక్కువ ధర కట్టాడు, లాభం మిగల్లేదు. 1888 నుంచి ఏడెన్ వ్యాపారి సెజార్ తియాన్‌తో కలిసి మళ్లీ హరార్‌లోనే కొట్టు నడిపాడు. 1891 ఏప్రిల్‌లో మోకాలి వాపుతో మంచంలో మోయించుకుని జైలా చేరాడు. మేలో మార్సెయ్‌లో కాలు తీసేశారు, నవంబరు 10న పోయాడు. వయసు 37.

చివరిగా, మీరు వేసిన ఫొటో. దాని కింద "రాంబో నివసించిన ఇల్లు" అని రాశారు. హరార్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ చెక్క మేడను అతను వెళ్లిపోయాక ఒక భారతీయ వ్యాపారి కట్టించాడు. వచ్చే ఆదివారం ఈ సవరణ, బానిసల వ్యాపారం మాటకు సవరణ, రెండూ ఒకేచోట వేయగలరు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం