మెడకు రింగు తగిలిస్తే థెరపీ అవుతుందా?

సంపాదకులు గారికి,

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు 'బేబీ స్పా'లు వెలిశాయి. నెలల పిల్లల మెడకు గాలి నింపిన ప్లాస్టిక్ రింగు తగిలించి నీళ్ల తొట్టిలో వదులుతారు. డౌన్ సిండ్రోమ్ అనే జన్యు లోపంతో పుట్టిన మా మనవరాలికీ 'హైడ్రోథెరపీ' పేరుతో అదే చేయబోయారు. ఇక్కడ ఫిజియోథెరపిస్టు ఎవరని మా అమ్మాయి అడిగితే, "మా స్టాఫ్‌కి ట్రైనింగ్ ఉంది మేడమ్" అన్నారు. పాపను ఎత్తుకుని వచ్చేశాం.

నీళ్లలో చేయించే ఫిజియోథెరపీకి నేను వ్యతిరేకిని కాను. కండరాల్లో పట్టు తక్కువైన పిల్లలకు, కీళ్లు బిగుసుకుపోయి పుట్టిన పిల్లలకు మామూలు వ్యాయామాలతో పాటు ఇదీ పనికొస్తుంది. బరువును నీరు మోస్తుంది కాబట్టి నేల మీద ఎత్తలేని కాలును బిడ్డ నీళ్లలో ఆడించగలుగుతుంది. 33, 34 డిగ్రీల గోరువెచ్చని నీటిలో బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. అయితే థెరపిస్టు బిడ్డ ఛాతీ, నడుము చేతులతో పట్టుకునే చేయించాలి. బిడ్డ తనంతట తాను తల నిలపాలి, పక్కకు తిరగాలి, అందుకే కదా ఈ శ్రమంతా! తల బరువు రింగే మోసేస్తే మెడకు పనేముంటుంది? కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే మన ఇళ్లలోని పెద్దావిడ కూడా బిడ్డ మీద నుంచి చెయ్యి తియ్యదు.

పైగా డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీళ్లు వదులుగా ఉంటాయి. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. డాక్టరు చూసి సరేనన్నాకే నీళ్లలోకి దించాలి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2022 జూన్‌లోనే ఈ రింగులను వాటర్ థెరపీకి వాడొద్దని, ముఖ్యంగా ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు అసలు వద్దని హెచ్చరించింది. ఒక బిడ్డ ప్రాణం పోయాక వచ్చిన హెచ్చరిక అది. ఇక్కడ ఆ రింగు ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు.

కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, 2007 ఫిజియోథెరపీ కేంద్రాలకూ వర్తిస్తుంది. స్పా అని బోర్డు పెట్టి, థెరపీ అని డబ్బు తీసుకునేవాళ్లను అధికారులు ఎందుకు అడగరో తెలియదు. రిజిస్ట్రేషన్ నంబరు, థెరపిస్టు చదువు గోడ మీద కనిపించేలా రాయించాలి. ఆ రెండూ లేనిచోట థెరపీ అన్న మాటే వాడనివ్వకూడదు.

ఇంకో మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టుకతో లోపాలున్న పిల్లలకు జిల్లా స్థాయి చికిత్స కేంద్రాల్లో ఉచితంగా థెరపీ ఇవ్వాలి. ఆ కేంద్రాల్లో పెద్ద స్విమ్మింగ్ పూల్ అక్కర్లేదు. వెచ్చటి నీటి తొట్టి ఒకటి, పని తెలిసిన థెరపిస్టు ఒకరు ఉంటే మాలాంటి వాళ్లు ఈ స్పాల గడప తొక్కరు.

– ఒక అమ్మమ్మ, మారతహళ్లి, బెంగళూరు